స్కిమ్మర్ మురికి కోసమా, గాలి కోసమా?

మొన్న ఆదివారం మా మేనల్లుడు ఫోన్ చేశాడు. చెన్నైలో, వేళచ్చేరిలో అద్దెకుంటాడు, కొత్తగా రెండడుగుల ఉప్పునీటి ట్యాంకు పెట్టాడు. "మావయ్యా, కొళత్తూరులో షాపాయన మూడు వందల లీటర్ల స్కిమ్మర్ తీసుకోమంటున్నాడు. ట్యాంకుకి మూడింతలది ఉంటేనే మంచిదట. తీసుకోనా?" అన్నాడు. స్కిమ్మర్ అంటే ట్యాంకు నీళ్లలోని మురికిని గాలి బుడగలతో నురగగా పైకి తీసి, పైనున్న కప్పు (గిన్నె)లో పడేసే యంత్రం. మూడు వందల లీటర్లదంటే అంత పెద్ద ట్యాంకు కోసం చేసినదని. వద్దురా అన్నాను. ఎందుకు వద్దో ఫోన్లో నాలుగు ముక్కల్లో చెప్పడం నాకు చేతకాలేదు. ఆ రాత్రి కూర్చుని ఆలోచిస్తే, ఈ ఎనిమిదేళ్లలో స్కిమ్మర్ గురించి నా అభిప్రాయం పూర్తిగా మారిపోయిందని నాకే తెలిసొచ్చింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

నాది పెరుంగుడిలో రెండో అంతస్తు ఫ్లాటు. ట్యాంకు పొడవు 24 అంగుళాలు, వెడల్పూ ఎత్తూ 15 చొప్పున. లెక్క ప్రకారం 88 లీటర్లు పట్టాలి. ఇసుక, రాళ్లు పోను ఉండే నీళ్లు 70 లీటర్లకి మించవు. అందులో రెండు క్లౌన్‌ఫిష్‌లు (నెమో అని పిలిచే చేపలు), ఒక ఫైర్‌ఫిష్, ఒక క్లీనర్ రొయ్య, కొన్ని నత్తలు పెట్టాను. క్లౌన్‌ఫిష్‌లు హేచరీలో పుట్టినవే. మన దగ్గర మండపంలోని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వాళ్లు వాటిని గుడ్డు నుంచి పెంచే పద్ధతి సాధించారు కాబట్టి, సముద్రంలో పట్టిన క్లౌన్‌ఫిష్‌ని కొనాల్సిన పని లేదు. రాతి పగడాలు పెట్టను. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో అవి 2001 నుంచి ఉన్నాయి, ఇంట్లో పెట్టుకోకూడదు.

పగడాల మాట ఎందుకు ఎత్తానంటే, స్కిమ్మర్ల గురించి మనం చూసే వీడియోలు దాదాపు అన్నీ విదేశాల్లోని పగడాల ట్యాంకులవి. ఏ మలినమూ ఉండకూడని నీళ్లు కావాలి వాళ్లకి. "మూడింతల స్కిమ్మర్" అనే మాట అక్కడ పుట్టింది. నా రెండు నెమోలకి ఆ లెక్క ఎందుకు వర్తించాలి?

కప్పులో కనపడేది

కందిపప్పు ఉడికేటప్పుడు పైకి పొంగే నురగని గరిటెతో తీసి పారబోస్తాం. బెల్లం వండేచోట పెనం మీద తేలే తెట్టునీ అలాగే తీసేస్తారు. స్కిమ్మర్ చేసే పని కూడా ఇదే. కాకపోతే ఇక్కడ పొయ్యి ఉండదు, గాలి బుడగలుంటాయి. చేప విసర్జించిన వాటిలో, మిగిలిపోయిన మేతలో ఉండే ప్రొటీన్లు, కొవ్వులు బుడగ చర్మానికి అతుక్కుంటాయి. బుడగలు యంత్రం పైన ఉండే గొట్టంలోకి, అంటే మెడలోకి ఎక్కి, నీళ్లు జారిపోయి, చిక్కటి నురగ కప్పులో పడుతుంది. ఉప్పునీళ్లలో బుడగలు ఒకదానితో ఒకటి తొందరగా కలిసిపోవు కాబట్టి చిన్నవిగానే ఉంటాయి. మామూలు నీళ్ల ట్యాంకులో ఈ యంత్రం పనిచేయకపోవడానికి ముఖ్యకారణం అదే. 2019 డిసెంబర్ మొదట్లో మెరీనా ఒడ్డంతా తెల్లటి నురగ పరుచుకుంటే పిల్లలు అందులో ఆడుకున్నారు, గుర్తుందా? వానలకి మురుగూ సబ్బునీళ్లూ సముద్రంలోకి కొట్టుకొచ్చాయి, మిగతా పని అలలు చేశాయి. ఆ ఫోటోలు చూసినప్పుడు నాకు మా కప్పే గుర్తొచ్చింది. ఆ పిల్లల కాళ్ల గురించి చాలా బెంగ పడ్డాను కూడా.

మొదటి మూడేళ్లు నాకు కప్పే సర్వం. పొద్దున్నే లేచి ముందు కప్పు చూసేవాణ్ణి. డికాక్షన్ రంగులో, ముక్కు మూసుకోవాల్సినంత వాసనతో ఉంటే ఆ రోజంతా సంతోషం. పల్చగా టీ నీళ్లలా ఉంటే టెన్షన్. కప్పు నిండడం లేదని చేపలకి మేత పెంచిన రోజులు కూడా ఉన్నాయి. మురికి తీయడానికి పెట్టిన యంత్రం కోసం నేనే మురికి పోశానన్నమాట. ఈ విషయం రాయడానికి బాధగానే ఉంది, కానీ ఇలా చేసేవాళ్లు ఇంకా ఉన్నారని తెలుసు కాబట్టి రాస్తున్నాను.

ఆ రోజుల్లోనే ఒకసారి మా అమ్మ నెల్లూరు నుంచి వచ్చింది. తలకి కొబ్బరినూనె రాసుకున్న చేత్తో, రాయి వెనక ఇరుక్కున్న నత్తని పాపం అనుకుని బయటకి తీసింది. ఐదు నిమిషాల్లో నురగ చప్పున కూలిపోయింది. మర్నాడు సాయంత్రం దాకా కప్పులో చుక్క పడలేదు. పంపు పాడైందనుకుని మొత్తం విప్పేశాను. తర్వాత తెలిసింది, కాస్త నూనె తగిలినా నురగ నిలవదని. పంపుకి ఏ జబ్బూ లేదు. నీళ్లలో క్లోరిన్‌ని విరిచే కొన్ని రకాల మందులు వేస్తే దీనికి పూర్తి వ్యతిరేకంగా, నురగ పొంగి కప్పు దాటి నేల మీదకి వచ్చేస్తుంది. అలాంటప్పుడు కప్పు నిండింది కాబట్టి నీళ్లు శుభ్రపడ్డాయని ఎలా అనుకుంటాం?

పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చెప్పే కెన్ ఫెల్డ్‌మన్ 2009, 2010లలో కొన్ని స్కిమ్మర్లని నిజంగా కొలిచి చూశాడు. నీళ్లలో ఉన్న సేంద్రియ కార్బన్‌లో (విసర్జన, మేత లాంటి మురికికి అది కొలత) 20 నుంచి 35 శాతం మాత్రమే నురగతో బయటికి వస్తోందని తేల్చాడు. ఎంతసేపు తిప్పినా మిగతాది నీళ్లలోనే ఉంటుంది, ఎందుకంటే దానికి బుడగని అంటుకునే గుణం లేదు. యంత్రానికీ యంత్రానికీ తేడా కూడా ధరల్లో ఉన్నంతగా కనపడలేదు. మొదటిసారి చదివినప్పుడు నేను నమ్మలేదు. రోజూ ఇంత నల్లటి నీళ్లు పారబోస్తున్నాను కదా, ఇది తప్పుడు లెక్క అయ్యుంటుందనుకున్నాను. నెల రోజులు పట్టింది నా మనసు మారడానికి. కప్పులో పడింది నాకు కనపడుతోంది సరే, నీళ్లలో మిగిలింది ఎలా కనపడుతుంది?

ఇంపెల్లర్‌కి మెష్ కుట్టిన సంగతి

అప్పటికే నా స్కిమ్మర్‌ని నేను మార్చేసి ఉన్నాను. ట్యాంకు అంచుకి తగిలించే రకం అది. దాని పంపులో తిరిగే చక్రానికి, అంటే ఇంపెల్లర్‌కి, రెక్కల బదులు సన్నటి ప్లాస్టిక్ పుల్లలుంటాయి, అవి గాలిని ముక్కలు చేసి బుడగలు పుట్టిస్తాయి. ఆ పుల్లల్ని సగానికి కత్తిరించి వాటి చోట మెష్ (జాలీ) బిగిస్తే గాలి ఎక్కువ లాగుతుందనీ, బుడగ ఇంకా సన్నబడుతుందనీ ఎన్నో చోట్ల చదివాను. గిన్నెలు తోమే ప్లాస్టిక్ పీచు మరీ మెత్తగా ఉండి చిరిగిపోయింది. హార్డ్‌వేర్ కొట్లో దొరికిన గట్టి ప్లాస్టిక్ జాలీని గుండ్రంగా కత్తిరించి, మూడు పొరలు పేర్చి, కాశిమేడులో కొన్న గాలం దారంతో కుట్టాను. గోడకి తగలకుండా, ఒక పక్కకి బరువెక్కకుండా రావడానికి నాలుగు ఆదివారాలు పట్టింది.

ఎంత గాలి లాగుతోందో కొలవడానికి మీటరు అక్కర్లేదు. లీటరు బాటిల్‌ని ఖాళీగా బోర్లించి మూతి బకెట్ నీళ్లలో ముంచండి, స్కిమ్మర్ గాలి ట్యూబు కొసని బాటిల్ లోపల పైదాకా దూర్చండి. స్కిమ్మర్ గాలి లాగుతుంటే బాటిల్‌లోకి నీళ్లు ఎక్కుతాయి. బయటా లోపలా నీటిమట్టం సమానంగా ఉండేట్టు బాటిల్‌ని మెల్లగా కిందికి దించుతూ, నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. నాకు మెష్ పెట్టకముందు 26 సెకన్లు, పెట్టాక 17. గంటకి దాదాపు 140 లీటర్ల నుంచి 210కి పెరిగింది. ఆ రోజు నేను పడ్డ సంబరం ఇంకా గుర్తుంది.

కప్పులో తేడా? మొదటి వారం కాస్త ఎక్కువ పడింది, తర్వాత మామూలే. తీయడానికి అక్కడ అంత సరుకు లేదు. రెండు క్లౌన్‌ఫిష్‌లు, ఒక ఫైర్‌ఫిష్ ఎంత మురికి చేస్తాయి?

ఆ మే నెలలో ఒక రాత్రి రెండింటికి కరెంటు పోయింది. ఇరవై నిమిషాల్లో వచ్చేసింది, మేం మళ్లీ నిద్రపోయాం. ఆరింటికి లేచి చూస్తే స్కిమ్మర్ పంపు గుయ్‌మని మూలుగుతోంది తప్ప తిరగడం లేదు. నీళ్లు కదిపే చిన్న పవర్‌హెడ్ అడుగున ఉండేది, పైన నీళ్లు నిశ్చలంగా, పల్చటి పొర కట్టి ఉన్నాయి. నీళ్ల వేడి 31 డిగ్రీలు. క్లౌన్‌ఫిష్‌లు రెండూ పైకొచ్చి నోళ్లు తెరిచి ఎగశ్వాస తీస్తున్నాయి. ఫైర్‌ఫిష్ ఇసుక మీద చచ్చిపడి ఉంది.

ఈ చిన్న పంపుల మోటారుకి ఆగిన చోటునుంచి కదిలే బలం చాలా తక్కువ. ఇటూ అటూ అదిరి ఎటో ఒకవైపు అందుకుంటుంది. సన్నటి పుల్లల చక్రమైతే ఆ అదురుకే తిరుగుతుంది. మూడు పొరల జాలీ నీళ్లని పట్టుకుంటుంది కాబట్టి అందుకోలేకపోయింది. ఇంకో సంగతి ఎవరూ చెప్పరు. అమెరికాలో కరెంటు 60 హెర్ట్‌జ్, అక్కడ ఈ రకం పంపు నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతుంది. మనది 50 హెర్ట్‌జ్, 3,000 చుట్లే. వాళ్ల వీడియోలో కనపడిన ఫలితం మన దగ్గర అచ్చంగా అలాగే రావాలని లేదు. పెద్ద ట్యాంకు, బలమైన పంపు ఉన్నవాళ్లకి మెష్ బాగా పనిచేస్తుందని ఒప్పుకుంటాను, చూశాను కూడా. పది వాట్లు దాటని పంపుకి, కరెంటు మీద నమ్మకం లేని ఊళ్లో, అది చేయకూడదని నా అభిప్రాయం. కొత్త ఇంపెల్లర్ తెప్పించి పాతరకంగానే బిగించేశాను.

కానీ ఆ ఉదయం నన్ను వదల్లేదు. చేపలు నాలుగు గంటల్లో మురికి వల్ల చావవు. గాలి అందక చచ్చింది అది. అంటే ఇన్నాళ్లూ ఈ యంత్రం నా ట్యాంకులో చేస్తున్న అసలు పని వేరే. నేను దాన్ని గమనించలేదు.

ఊపిరి

మామూలు నీళ్లు 25 డిగ్రీల దగ్గర లీటరుకి సుమారు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలవు. సముద్రపు నీళ్లు అదే వేడిలో 6.7 మాత్రమే. 30 డిగ్రీలకి వస్తే 6.2. పైగా వేడి పెరిగేకొద్దీ చేపకి కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది. చెన్నై వేసవిలో ఏసీ ఆగిన గదిలో ట్యాంకు ఎప్పుడూ ఆ అంచునే ఉంటుంది. ఒక డబ్బాలో నీళ్లనీ గాలినీ కలిపి లక్షల బుడగలుగా గిలక్కొట్టే స్కిమ్మర్, ఇలాంటి చోట ముందు ఊపిరితిత్తి, ఆ తర్వాతే ఇంకేదైనా.

2023 డిసెంబర్‌లో మిచాంగ్ తుపాను వచ్చినప్పుడు ఇది రెండోసారి కళ్లారా చూశాను. మా వీధిలో నీళ్లు నిలిచి మూడు రోజులు కరెంటు లేదు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు, దాని గాలిని బుడగలుగా వదిలే రెండు ఎయిర్ స్టోన్లు, అంతే నా దగ్గరున్నది. స్కిమ్మర్ ఆగిపోయింది, కప్పు ఎండిపోయింది, నీళ్లు కొంచెం మసకబారాయి. మేత ఆపేశాను. ఒక్క చేప పోలేదు. మురికి తీయకుండా మూడు రోజులు గడిచాయి. మే నెలలో గాలి లేకుండా నాలుగు గంటలు గడవలేదు.

ఆక్సిజన్ సరే, కార్బన్ డయాక్సైడ్ సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. స్ప్లిట్ ఏసీ గదిలో గాలినే తిప్పుతుంది, బయట గాలి తేదు. తలుపులు మూసి ఇద్దరు మనుషులు పడుకుంటే తెల్లారేసరికి గదిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల వంతుల్లో 1,000 దాటడం మామూలు. బయట అది 420 దగ్గర ఉంటుంది. ఆ గది గాలినే స్కిమ్మర్ నీళ్లలోకి దంచుతుంటే నీళ్లు ఆమ్లం వైపు జరుగుతాయి. పొద్దున్నే చూస్తే నా ట్యాంకు పీహెచ్ 7.75 ఉండేది. స్కిమ్మర్ గాలి ట్యూబుకి పొడుగు ట్యూబు అతికించి బాల్కనీలోకి తీశాను. వారంలో పొద్దుటి పీహెచ్ 7.95కి వచ్చింది. సముద్రం 8.1 దగ్గర ఉంటుంది. నలభై రూపాయల ట్యూబు చేసిన పని ఇది. నాలుగు ఆదివారాలు కుట్టిన మెష్ చేయలేకపోయింది.

అయితే బయట గాలి అంటే అమృతం కాదు. ఒక అక్టోబర్ సాయంత్రం వీధిలోకి దోమల పొగబండి వచ్చింది. మేమిద్దరం ఆఫీసుల్లో ఉన్నాం. మర్నాడు పొద్దున క్లీనర్ రొయ్య చచ్చిపోయి ఉంది. ఆ పొగే కారణమని రుజువు చేయలేను. కానీ ఆ పొగలో వాడే పైరెత్రాయిడ్ మందులు చేపలకీ, అంతకంటే ఎక్కువగా రొయ్యలకీ విషం. గదిలో గాలే లాగి ఉంటే అది బతికేదేమో. చాలారోజులు ట్యూబు తీసి లోపలే పెట్టుకున్నాను. మరి లోపలేముంది? సాయంత్రం సాంబ్రాణి, రాత్రి దోమల బత్తీ, వంటింట్లో పోపు. ఎటు చూసినా ఏదో ఒక పొగ. చివరికి మళ్లీ బాల్కనీకే తీశాను, కానీ దారిలో వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసా పెట్టి అందులో పొగని పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ గుళికలు నింపాను. ట్యూబుకి రెండు దారుల కుళాయి పెట్టాను. పొగబండి చప్పుడు వినపడగానే మా ఆవిడ కుళాయి గది వైపు తిప్పుతుంది. భోగి ముందురోజు రాత్రే తిప్పేస్తాం, టైర్లు కాల్చేవాళ్లు ఇంకా ఉన్నారు.

సీసా మరీ ఇరుకుగా ఉంటే గాలి తగ్గిపోతుంది, బాటిల్ పరీక్ష మళ్లీ చేసి చూసుకోవాలి. నాది 26 నుంచి 28 సెకన్లకి వచ్చింది, అది పర్వాలేదు. ఇంకొకటి, బాల్కనీలోని తేమగాలి ఏసీ గదిలోకి రాగానే ట్యూబులో చెమట పడుతుంది. ఆ నీటిబొట్లు పల్లంలో చేరి గాలిని అడ్డుకుంటాయి. అందుకే ట్యూబుని బాల్కనీ వైపు వాలుగా పెట్టాలి.

మూడొందల రూపాయల గాలి పంపు చాలదా?

ఇక్కడిదాకా చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఇదే. గాలి కోసమే అయితే స్కిమ్మర్ ఎందుకు, ఎయిర్ స్టోన్ చాలు కదా?

ఈ ప్రశ్న నన్ను చాలా ఇబ్బంది పెట్టింది. నిజం చెప్పాలంటే, నలభై లీటర్ల లోపు ట్యాంకు, ఒకటో రెండో చిన్న చేపలు, వారం వారం పది పదిహేను శాతం నీళ్లు మార్చే ఓపిక ఉంటే స్కిమ్మర్ అక్కర్లేదు. కొనొద్దు. ఆ డబ్బు మంచి ఉప్పుకీ, నీళ్లలో ఉప్పు ఎంతుందో చూపే రిఫ్రాక్టోమీటర్‌కీ పెట్టండి. సముద్రం పక్కనే ఉండగా ఉప్పు కొనడమేంటని మా అపార్ట్‌మెంట్‌లో అందరూ అడుగుతారు. కూవం, అడయారు నదులు ఏం మోసుకొచ్చి కలుపుతున్నాయో చూశాక ఆ ఒడ్డు నీళ్లు నా చేపలకి పోయలేను.

అంతకంటే పెద్ద ట్యాంకుకి మాత్రం ఎయిర్ స్టోన్‌తో సరిపెట్టలేకపోయాను. తెరిచి ఉన్న ట్యాంకులో పగిలే బుడగలు ఉప్పు చిమ్ముతాయి. మూత మీద, లైటు మీద, ప్లగ్గు మీద తెల్లటి పెచ్చు కడుతుంది. కరెంటు దగ్గర అది ప్రమాదం. స్కిమ్మర్‌లో అదంతా డబ్బా లోపలే జరుగుతుంది. ఇక నురగతో వచ్చే ఆ 20 నుంచి 35 శాతం సంగతి. ఆ కాస్తయినా నీళ్లలో ఉండిపోతే బ్యాక్టీరియా దాన్ని తింటుంది, తినడానికి ఆక్సిజన్ వాడుకుంటుంది. అంటే నురగ తీయడం కూడా చివరికి ఊపిరికే పనికొస్తోంది. చేపల వ్యర్థాల నుంచి తయారయ్యే నైట్రేట్‌ని మాత్రం స్కిమ్మర్ తీయలేదు, దానికి బుడగ అంటుకోదు. నీళ్లు మార్చాల్సిందే.

మరి ఎలాంటిది కొనాలి? షాపాయన చెప్పిన మూడింతలది మాత్రం వద్దు. వెడల్పు మెడలో నురగ పైకెక్కి నిలవాలంటే నీళ్లలో అంత సరుకుండాలి. రెండు చేపల ట్యాంకులో ఉండదు. నురగ మెడ మధ్యదాకా వచ్చి కూలుతూ ఉంటుంది, కప్పు ఖాళీ, కరెంటు ఖర్చు, చప్పుడు. డబ్బా మీద రాసే లీటర్ల అంకెని నేను చూడను. మెడ సన్నగా ఉందా, పంపుని స్పానర్ లేకుండా చేత్తో విప్పగలమా, విడి ఇంపెల్లర్ ఈ ఊళ్లో దొరుకుతుందా, ఈ మూడే అడుగుతాను. విప్పడం ఎందుకంటే గాలి లోపలికి వచ్చే సన్నటి బెజ్జంలో ఉప్పు పేరుకుంటుంది. నేను వారానికోసారి ట్యూబులోంచి గోరువెచ్చటి నీళ్లు పోస్తాను, రెండు నెలలకోసారి ఇంపెల్లర్‌ని వెనిగర్‌లో నానబెడతాను. సంప్ (యంత్రాలు పెట్టుకోవడానికి ట్యాంకు కింద ఉంచే రెండో తొట్టి) లేని చిన్న ట్యాంకుకి అంచుకి తగిలించేదే గతి. ఫ్యాను గాలికి రోజూ లీటరు దాకా ఆవిరవుతుంది కాబట్టి ఆర్‌వో నీళ్లు పోస్తూ మట్టం ఒకేలా ఉంచాలి, లేకపోతే నురగ ఎత్తు రోజుకో రకంగా ఉంటుంది. కొత్తది బిగించాక వారం పదిరోజులు ఏమీ రాకపోయినా కంగారు పడొద్దు, దాని గోడలకి జిడ్డు వదిలి పొర కట్టాలి.

ఇన్వర్టర్ ఉంటే దానికి కలపండి, కానీ అది ప్యూర్ సైన్ వేవ్‌దై ఉండాలి. పాతరకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మా పంపు వేడెక్కి మూలిగింది. బ్యాటరీ గాలి పంపు ఒకటి ఎప్పుడూ చార్జ్ చేసి పక్కనే ఉంచుకోండి.

నిన్న మేనల్లుడు ఇంటికి వచ్చాడు. ఆ మూడొందల లీటర్లది కొనలేదు, స్నేహితుడి దగ్గర వాడినది ఒక చిన్నది తెచ్చాడు. బాల్కనీలో బకెట్ పెట్టి బాటిల్ బోర్లించి చూశాం. 41 సెకన్లు. గాలి బెజ్జం పూర్తిగా పూడిపోయి ఉంది. వెనిగర్‌లో గంటసేపు నానబెట్టి, పుల్లతో గీకి మళ్లీ కొలిస్తే 25. "ఇంకేం మార్చాలి మావయ్యా?" అన్నాడు. ఇంకేం వద్దు, ట్యూబు బయటికి తియ్యి అన్నాను. కిటికీ ఫ్రేముకి రంధ్రం వేస్తే ఓనర్ ఊరుకోడని దిగాలుపడ్డాడు. మా ఏసీ పైపు గోడలోంచి బయటికి వెళ్లే చోట, పైపు పక్కన ఉన్న సందు చూపించాను. ట్యూబు అందులోంచే తీశాను నేను కూడా. ఆరు మీటర్ల ముక్క, కాస్త కార్బన్ ఇచ్చి పంపాను.